ఆ రోజులేమీ వేరు కావు

"ఆ రోజులే వేరురా అబ్బాయ్!"

2025 ఏప్రిల్లో 'ఆదిత్య 369' రెండోసారి విడుదలైనప్పుడు, రాజమండ్రిలో ఫస్ట్ షో చూసి మెట్లు దిగుతూ మా మావయ్య అన్న మాట ఇది. ఆయనకి డెబ్భై రెండేళ్ళు. యాభై మూడు వరదల్లో పుట్టాడని మా అమ్మమ్మ చెప్పేది. కండువా చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ స్కూటర్ స్టాండు దాకా అదే పాట: ఆ సినిమాలే వేరు, ఆ సంగీతమే వేరు, ఆ మనుషులే వేరు. పక్కన నడుస్తున్న మనవడికి ఇవేవీ చెవికెక్కడం లేదు. వాడికి పదమూడేళ్ళు. వాడు ఒకటే అడుగుతున్నాడు: "తాతయ్యా, వాళ్ళు అక్కడే ఉండిపోతే ఏమయ్యేది?"

తాతయ్య జవాబు చెప్పలేదు. టోకెన్ కోసం జేబులు వెతుక్కున్నాడు.

మా మావయ్య మాటని పట్టించుకోకుండా వదిలేద్దును. పెద్దాయన, ఏదో అన్నాడు. కానీ ఆ వారమంతా పత్రికల్లో, టీవీల్లో, టీకొట్టు దగ్గర అదే మాట వినిపించింది, కాకపోతే కాస్త పెద్ద పదాల్లో. ఆ సినిమా మొదటిసారి వచ్చిన 1991లో నిక్కర్లేసుకున్న పిల్లలకి ఇప్పుడు నడివయసు వచ్చింది; జేబులో నాలుగు డబ్బులున్నాయి, గుండెలో కాస్త దిగులుంది; ఆ దిగులుకే టికెట్టు అమ్ముతున్నారు అన్నారు. 1985 జూలైలో అమెరికాలో వచ్చిన 'బ్యాక్ టు ద ఫ్యూచర్'ని నలభై ఏళ్ళుగా జనం మళ్ళీ మళ్ళీ చూడటానికీ ఇదే కారణమన్నారు. పాతకాలం మీద బెంగ ఉన్నంతకాలం కాలయంత్రం సినిమాలు ఆడతాయి, అంతకుమించి అందులో ఏమీ లేదన్నారు. చదువుకున్నవాళ్ళు చెప్పిన మాట కాబట్టి అందరూ తలూపారు.

నేను ఊపను. ఈ వాదన తప్పు. కొంచెం తప్పు కూడా కాదు, తలకిందులుగా తప్పు. ఆ సినిమాలు నిలబడింది పాతకాలం మీద మోజుని తీర్చినందుకు కాదు. ఆ మోజుని పట్టుకుని దులిపినందుకు.

మొదట చిన్న లెక్క చూద్దాం. బెంగ వల్లే సినిమా బతికేటట్టయితే ఆ కాలంలో మనం విరగబడి చూసిన సినిమాలన్నీ బతకాలి. వంద రోజులాడినవి, ఊరేగింపులు తీసినవి, ఎడ్లబళ్ళు కట్టుకుని వెళ్ళి చూసినవి ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఇవాళ ఊరికే చూపిస్తామన్నా ఎవరూ కూర్చోరు. బెంగ అన్నిటి మీదా సమానంగానే ఉంది మరి. ఇక మా మావయ్య మనవడి సంగతి. వాడు పుట్టేనాటికి ఆ సినిమాకి ఇరవై ఏళ్ళు దాటాయి. వాడికి ఏ బెంగ ఉందని ఇంటర్వెల్లో సమోసా కూడా మరిచిపోయి కూర్చున్నాడు? అనుభవించనిదాని మీద బెంగ పెట్టుకోవడం పదమూడేళ్ళవాడికి చేతకాదు. అది పెద్దవాళ్ళ విద్య.

సైన్సు చూసి మెచ్చారని ఇంకొందరంటారు. గంటకి 88 మైళ్ళ వేగం అందుకుంటే, 1.21 గిగావాట్ల కరెంటు తగిలితే కారు ముప్పై ఏళ్ళు వెనక్కి పోతుందట. ఇది సైన్సయితే మా ఊరి జాతకాల పంతులు గారికి నోబెల్ ఇవ్వాలి. ఇంక ఆ సంగతి వదిలేద్దాం.

అసలు విషయం కథలో ఉంది. 'బ్యాక్ టు ద ఫ్యూచర్' కథకి విత్తనం ఎక్కడ పడిందో దాన్ని రాసిన బాబ్ గేల్ చాలాసార్లు చెప్పాడు. మిస్సోరీలోని తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న హైస్కూలు నాటి పుస్తకం ఒకటి దొరికింది. అందులో నాన్న క్లాసు ప్రెసిడెంటు. గేల్ చదివేటప్పుడు క్లాసు ప్రెసిడెంటుగా ఉన్న కుర్రాడంటే అతనికి గిట్టేది కాదు. అప్పుడొక అనుమానం వచ్చింది: మా నాన్నా నేనూ ఒకే బడిలో చదివి ఉంటే స్నేహితులమయ్యేవాళ్ళమా?

ఆ అనుమానంలో బెంగ ఎక్కడుంది చెప్పండి. బెంగ పడేవాడు నాన్న ఫొటోకి దండ వేస్తాడు. ఈ సినిమా దండ తీసి పక్కన పడేసి, ఆయన్ని పదిహేడేళ్ళ కుర్రాణ్ణి చేసి ఎదురుగా నిలబెట్టింది. ఆ కుర్రాడెలా ఉన్నాడు? పిరికివాడు. తోటి విద్యార్థి కసురుకుంటే నోరెత్తలేడు. చెట్టెక్కి పరాయి ఆడపిల్ల గదిలోకి తొంగిచూస్తాడు. మా రోజుల్లో ఆడపిల్లలు అబ్బాయిల వంక చూసేవాళ్ళా అని కొడుకుని సాధించే తల్లి, 1955లో దొంగచాటుగా సిగరెట్టు కాలుస్తూ కనిపిస్తుంది. కొడుకు మార్టీ, తనకి చెప్పిన పాతకాలం ఎంత అబద్ధమో కళ్ళారా చూస్తాడు. చూసి ఏమంటాడు? ఇక్కడే ఉండిపోతాననడు. కాలు పెట్టిన క్షణం నుంచీ ఇంటికి ఎలా పోవాలన్నదే వాడి గోల. సినిమా రెండో సగమంతా వెనక్కి వెళ్ళినవాడు ముందుకి రావడానికి పడే పాట్లే. పేరులోనే ఉందది. పాతకాలం మీద మోజున్న సినిమా అయితే హీరో అక్కడే ఇల్లు కట్టుకోవాలి కదా?

ఎదుటివాళ్ళ చేతిలో ఉన్న గట్టి రాయి ఒకటుంది, దాన్ని దాచను. అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ 1986లో దేశానికి చేసిన వార్షిక ప్రసంగంలో ఈ సినిమాలోని మాటని వాడుకున్నాడు. పాత మంచి రోజులు తెస్తానని ఓట్లు అడిగినాయనకి ఈ సినిమా నచ్చిందంటే అందులో పాతకాలపు పిచ్చి ఉన్నట్టే కదా అంటారు. నచ్చడం వేరు, అర్థం కావడం వేరు. సినిమాలో ఆయన మీదే చురక ఉంది. 1985లో రీగన్ అధ్యక్షుడని మార్టీ చెబితే, 1955 నాటి శాస్త్రవేత్త ఆ సినిమా యాక్టరా అని పగలబడి నవ్వుతాడు. (ఆ హాస్యం మనకి మాత్రం పేలదు. అప్పటికి రెండున్నరేళ్ళుగా మన ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు. యాక్టరు కాకపోతే ఎవరవుతారని మనం ఎదురడుగుతాం.) చివర్లో ఇల్లు మారిపోయి, కొత్త బండి వచ్చి, డబ్బే సుఖమన్నట్టు ముగించడం నాకూ రుచించదు. తండ్రి వేషం వేసిన క్రిస్పిన్ గ్లోవర్ కూడా ఆ ముగింపుకి అభ్యంతరం చెప్పాడు. కానీ ఆ తప్పు కొత్తదాని మీద మోజు వల్ల వచ్చింది, పాతదాని మీద మోజు వల్ల కాదు.

ఇక మన సినిమా, 'ఆదిత్య 369'. సింగీతం శ్రీనివాసరావు గారు అంతకు నాలుగేళ్ళ ముందే మాటల్లేకుండా 'పుష్పక విమానం' తీసి ఒప్పించిన మనిషి. శ్రీదేవి మూవీస్ శివలెంక కృష్ణప్రసాద్ నిర్మాత, ఇళయరాజా సంగీతం. మాటలు జంధ్యాల. మన నరసాపురంలో పుట్టినాయన. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ అని ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. 1991 జూలై 18న విడుదలైంది. కృష్ణకుమార్ అనే కుర్రాడు, హేమ అనే అమ్మాయి పొరపాటున కాలయంత్రంలో ఎగిరి 1526 నాటి విజయనగరంలో పడతారు. అక్కణ్ణుంచి 2504కి పోతారు. కుర్రాడూ బాలకృష్ణే, కృష్ణదేవరాయలూ బాలకృష్ణే.

ఈ సినిమాలో పాతకాలం అంటే అందరికన్నా ప్రాణం ఎవరికి? ఒకసారి నిదానంగా ఆలోచించండి. కృష్ణకుమార్‌కి కాదు, వాడికి కాలయంత్రం అంటే మొదట నమ్మకమే లేదు. ప్రొఫెసర్‌కి కాదు, యంత్రాన్ని తయారుచేసిన ఆయనకి అదే లోకం. అమ్రిష్ పురి వేసిన రాజావర్మ ఉన్నాడే, పురాతన వస్తువులంటే పడి చచ్చే దొంగ, మ్యూజియంలో రాయలనాటి వజ్రాన్ని కొట్టేసేవాడు, వాడికి. పాతకాలాన్ని అంత గాఢంగా ప్రేమించినవాడు ఆ సినిమాలో ఇంకొకడు లేడు. వాడు దాన్ని తన ఇంట్లో పెట్టుకుని, తలుపులు మూసి, ఒక్కడే చూసుకోవాలనుకుంటాడు. సింగీతం గారు పాతకాలపు మోజుని తీసుకెళ్ళి ప్రతినాయకుడి జేబులో పెట్టారు. దీన్ని పాతకాలపు మోజు సినిమా అని రాసేవాళ్ళు సినిమా ఏ కళ్ళతో చూశారో మరి.

రాయల కొలువు చూపించారు కదా, భువనవిజయం చూపించారు కదా అంటారు. చూపించారు. మన ఊళ్ళలో భువనవిజయం కొత్త కాదు. ఉగాదికి హైస్కూలు ఆవరణలో తెలుగు మాస్టార్లు అట్ట కిరీటాలు పెట్టుకుని, పెద్దనగా ఒకరు, ధూర్జటిగా ఒకరు కుర్చీల్లో కూర్చుని పద్యాలు చదివేవాళ్ళు. రాయలవారికి సింహాసనం హెడ్మాస్టరు గారి గదిలోంచి వచ్చేది. ఆ భువనవిజయంలో ఎవరూ ఎవర్నీ అనుమానించరు, అందరూ మహానుభావులే. సినిమాలో భువనవిజయం అలా లేదు. అక్కడ కుట్ర ఉంది, అసూయ ఉంది, చెయ్యని దొంగతనం మీద పడి ప్రాణం మీదికి వచ్చే సందర్భం ఉంది. స్వర్ణయుగమని మనం పద్యాలు చదువుకునే చోటునుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోవాల్సి వస్తుంది హీరోకి. రాజుకీ కుర్రాడికీ ఒకే మొహం పెట్టడంలోనే దర్శకుడి మాట ఉంది. ఆయనేం వేరే మట్టితో చేసిన మనిషి కాదు, మన మొహమే అది. అదే మొహం 1956లో 'తెనాలి రామకృష్ణ'లో రాయల వేషం వేసిన బాలకృష్ణ తండ్రి రామారావుది కూడానన్న సంగతి హాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

'ఆదిత్య 369' కాపీ అనే నస ఇంకొకటి ఉంది. హాలీవుడ్ సినిమా చూసి తీశారు, దానికింత హడావుడి ఎందుకని. రాజమండ్రిలో నిలబడి ఈ మాట అనేవాళ్ళకి ధైర్యం ఎక్కువ. ఈ ఊళ్ళోనే కందుకూరి వీరేశలింగం గారు గోల్డ్‌స్మిత్ నవల ఛాయతో 'రాజశేఖర చరిత్రము' రాశారు. స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రలు చదివి 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' రాశారు. సత్యరాజు వెళ్ళిన దేశంలో ఆడవాళ్ళు ఏలతారు, మన ఆడవాళ్ళు పడే అగచాట్లన్నీ అక్కడ మగవాళ్ళు పడతారు. 1890లలో గోదావరి ఒడ్డున కూర్చుని చదివిన మగవాడికి నవ్వొచ్చేది, తరవాత ఒళ్ళు మండేది. స్విఫ్ట్ ఇంగ్లండుని వెక్కిరించడానికి కట్టిన ఓడని ఈయన రాజమండ్రి రేవులో కట్టేసి, ఇక్కడి జనాన్ని ఎక్కించాడు. సింగీతం గారూ అదే చేశారు. వెల్స్ 1895లో ప్రచురించిన కాలయంత్రం నవల ఉంది, అమెరికావాళ్ళ కారు ఉంది. ఆ బండి తోలుకెళ్ళి ఎక్కడ ఆపాడన్నదే లెక్క. మార్టీ ఊరు హిల్ వ్యాలీలో ఆపలేదు, హంపీలో ఆపాడు. కాపీ అనేవాళ్ళు బండి నెంబరు చూస్తారు, ఎక్కడికి పోయిందో చూడరు.

మనకి పాతకాలంలోకి వెళ్ళే దారి అంతకుముందు లేకపోలేదు. దాని పేరు పూర్వజన్మ. రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు గారు 1964లో 'మూగమనసులు' తీశారు. కొత్తగా పెళ్ళయిన జంట గోదావరి మీద పడవలో పోతూ పోతూ కిందటి జన్మలోకి జారిపోతారు. నేను ఆ సినిమాకి ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు, ఇవాళ చూపించినా ఏడుస్తాను. కానీ గమనించండి, కిందటి జన్మలో జరిగింది జరిగిపోయింది. దాన్ని తలుచుకోవచ్చు, వెళ్ళి మార్చడానికి లేదు. చూసేవాడు కళ్ళొత్తుకోవడం తప్ప చేసేదేమీ లేదు. బెంగ సినిమా అంటే అది, అందులో తప్పేమీ లేదు కూడా. కాలయంత్రం సినిమాలో ప్రేక్షకుడు ఏడవడు, కుర్చీ అంచుకి జరుగుతాడు. మార్టీ కథలో గడియారస్తంభం మీద పిడుగు పడే ఆ ఒక్క క్షణంలో తీగ తగులుతుందా లేదా అని ఊపిరి బిగబడతాడు. గడిచిపోయినదాంట్లో కూడా ఇంకా తేలనిదేదో ఉందని అప్పుడు తెలుస్తుంది. ఈ రెండు సినిమాలనీ ఒకే గాటన కట్టి పాతకాలం మీద ప్రేమ అనేస్తే ఎలా?

ఇంతకీ ఈ గోదావరి జిల్లాల్లో ఈ బెంగ వ్యాపారానికి ఉన్నంత గిరాకీ ఇంకెక్కడా లేదు. కొబ్బరాకులు, ఏటిగట్టు, పులస, పూతరేకులు, లంగావోణీ, నాటుపడవ. వీటిని వరసగా పేర్చి వెనక వేణువు వాయిస్తే ఎవరి కళ్ళయినా చెమరుస్తాయి. సరే, మనకే ఒక కాలయంత్రం దొరికిందనుకుందాం. ఎక్కండి. ఎక్కడ దిగుతారు?

1833లో దిగుదాం. పచ్చటి డెల్టా కనిపిస్తుందనుకుంటున్నారు. కనిపించదు. ఆనకట్ట లేదు. గోదావరి నిండుగా పారి సముద్రంలో కలిసిపోతోంది, గట్టు మీద జనం ఆకలితో చస్తున్నారు. ఆ కరువు తరవాత 1839 నవంబరులో కోరంగి తుఫాను. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది సుమారు 5 లక్షల 61 వేలకి పడిపోయింది. ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు లేరు. చచ్చినవాళ్ళు చచ్చారు, మిగిలినవాళ్ళు వలసపోయారు. మనం పాటల్లో పాడుకునే పచ్చదనం అనాదిది కాదు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కి కట్టిన ఆనకట్టతో మొదలైంది. ఒకానొక ఇంజినీరు అర్జీ మీద అర్జీ రాసి, కంపెనీ వారిని ఒప్పించి ఉండకపోతే ఈ వ్యాసం రాసే నేనూ లేను, చదివే మీలో సగం మందీ లేరు. మే 15న కాటన్ దొర విగ్రహానికి దండలు వేస్తాం, గోదావరి స్నానాల సంకల్పంలో ఆయన్ని తలుచుకునేవాళ్ళు కూడా ఉన్నారు. కానీ ఆయన చేసిన పని అర్థం ఏమిటి? ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచలేదు. మార్చాడు. హిల్ వ్యాలీ గడియారస్తంభం కల్పన. మన ధవళేశ్వరం కల్పన కాదు.

ఇంకో అర్ధశతాబ్దం ముందుకి జరిపి 1881 డిసెంబరు 11 రాత్రి రాజమండ్రిలో దిగుదాం. వీరేశలింగం గారింట్లో మొదటి వితంతు వివాహం జరుగుతోంది. పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు, పెళ్ళికూతురు గౌరమ్మ. మీరు ఏ వైపు నిలబడతారు? కథగా విన్నంతసేపు అందరం వీరేశలింగం గారి వైపే. కానీ ఆ రాత్రి ఊరు ఆయన వైపు లేదు. పోలీసులు కాపలా కాయాల్సి వచ్చింది, పెళ్ళికి వెళ్ళినవాళ్ళని వెలివేశారు. వెలివేసినవాళ్ళు ఎవరు? మన తాతలకి తాతలే. ఆ రోజుల్లో మనుషులే వేరు అనే ముందు, ఆ మనుషుల్లో మన ఇంటిపేరువాళ్ళు ఏ గుమ్మంలో నిలబడ్డారో కనుక్కోవాలి. నేను మా ఇంట్లో కనుక్కునే ప్రయత్నం చేశాను. ఎవరూ చెప్పలేదు.

ఇవన్నీ పాతకథలు, ఎనభైలు మాత్రం బంగారం అంటారా? ఎనభైల్లోనే దిగుదాం. 1986 ఆగస్టు. 'బ్యాక్ టు ద ఫ్యూచర్' అమెరికాలో విడుదలై అప్పటికి ఏడాది. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు. ధవళేశ్వరం బ్యారేజీ మీంచి 35 లక్షల క్యూసెక్కులు. మా లంకలో నాకు పదకొండేళ్ళు. గట్టు తెగిందన్న కేక, ఆ తరవాత కుక్కల అరుపులు, ఆ తరవాత నీళ్ళ చప్పుడు. ఆ వరస నాకింకా గుర్తే. మూడు రోజులు ఏటిగట్టు మీద ఉన్నాం. నీళ్ళు తీశాక ఇంటికి వెళ్తే మోకాలి లోతు ఒండ్రు, గోడ మీద కిటికీ పైచట్టం దగ్గర నీటి గీత. ఆ గీతని మా నాన్న బొగ్గుతో మళ్ళీ దిద్ది, పక్కన 86 అని రాశాడు. 2022 జూలై వరద గీత దానికి మూరెడు కింద ఉంది.

అదే గోడకి ఒక ఫొటో ఉండేది. మా అమ్మ పెళ్ళికి ముందు, అమలాపురంలో స్టూడియోకి వెళ్ళి తీయించుకున్నది. అమ్మమ్మ, తాతయ్య, పిల్లలు అయిదుగురు, మొత్తం ఏడుగురు. వరదలో మూడు రోజులు నాని, ఫొటో కాగితం ఫ్రేము గాజుకి అంటుకుపోయింది. అమ్మ అరుగు మీద కూర్చుని, గాజుని అంగుళం అంగుళం లాగింది. సగం దూరం బాగానే వచ్చింది. తరవాత చిన్న శబ్దం, ఎండుటాకు చిరిగినట్టు. అమ్మ గాజుని ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. ముగ్గురి మొహాలు గాజుకి వచ్చేశాయి. కాగితం మీద వాళ్ళ చొక్కాలున్నాయి, చేతులున్నాయి, మెడపైన తెల్లగా ఉంది. మా మావయ్య మొహం ఆ ముగ్గురిలో ఒకటి. ఫొటో దిగినప్పుడు ఆయనకి పదమూడేళ్ళు.

నాలుగేళ్ళ తరవాత వేసవి సెలవుల్లో, పక్క ఊళ్ళో వీడియో అద్దెకి తెచ్చి ఎవరో ఆ ఇంగ్లీషు సినిమా వేశారు. మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. కారు ఎందుకు వెలుగుతోందో, ఆ ముసలాయన ఎందుకు అరుస్తున్నాడో తెలియదు. కానీ మార్టీ జేబులోంచి ఫొటో తీస్తాడు, అందులో వాడి అన్న తల మాయమైపోయి ఉంటుంది. అది చూడగానే నా వీపు మీద చెమట పట్టింది. అందరూ గారడీ అనుకుని నవ్వారు. నేను నవ్వలేదు. అలాంటి ఫొటో మా ఇంట్లో ఉంది. గడిచిన కాలం భద్రంగా ఉంటుందని నమ్మకండి, వెనక్కి చూసుకునే లోపల మొహాలు పోతాయి అని ఆ సినిమా ఇంగ్లీషు రాని కుర్రాడికి చెప్పింది. నాకది హాయినిచ్చే మాట కాదు. అయినా నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చూశాను. బెంగ కోసమైతే మళ్ళీ మళ్ళీ వణకడానికి ఎవరు వెళ్తారండీ?

1990లలోనూ ఇప్పుడూ ఆ సినిమాలని జనం చూసేది అందుకే. తల్లిదండ్రులు ఒకప్పుడు తమలాంటి తలతిక్క పిల్లలేనన్న సంగతిని పిల్లలకి ధైర్యంగా చెప్పే సినిమాలు తక్కువ. రాజులు కూడా పొరబడతారని చెప్పేవి ఇంకా తక్కువ. 2504కి వెళ్ళి చూస్తే యుద్ధంలో నేల మాడిపోయి, జనం భూమి లోపల బతుకుతున్నారని చూపించాడు సింగీతం. వెనకా స్వర్గం లేదు, ముందూ స్వర్గం లేదు. ఉన్నది 1991. అక్కడికే తిరిగి రావాలి, అక్కడే దొంగతో తేల్చుకోవాలి. పదమూడేళ్ళవాడికి ఇది ఒక్క ముక్కలో అర్థమైంది కాబట్టే, అక్కడే ఉండిపోతే ఏమయ్యేదని అడిగాడు. డెబ్భై రెండేళ్ళాయనకి అర్థం కాలేదు కాబట్టే టోకెన్ వెతుక్కున్నాడు. సినిమాని సమీక్షించిన పెద్దలు కూడా, నా ఉద్దేశంలో, టోకెన్లే వెతుక్కున్నారు.

పండగకి మావయ్య మా ఇంటికొచ్చాడు. మనవణ్ణి కూడా తీసుకొచ్చాడు. అమ్మ పెట్టెలోంచి ఆ ఫొటో తీసి చూపించాను. వాడు చాలాసేపు చూశాడు, మొహం లేని ఒక చొక్కా మీద వేలు పెట్టాడు.

"ఇది నువ్వేనా తాతయ్యా?"

"ఆఁ, నేనే."

"అప్పుడు నీకు నా వయసేగా. క్లాసులో నీది ఎన్నో ర్యాంకు?"

మా కాలంలో చదువంటే చదువు, మాస్టార్లంటే మాస్టార్లు అని మా చిన్నప్పటి నుంచీ మా అందరి తలలూ తిన్న మనిషి ఆయన. నేను ఆ పాట మొదలవుతుందనే ఎదురుచూశాను. మావయ్య వీధిలోకి చూశాడు, నా వంక చూశాడు, కళ్ళజోడు తీసి మడతపెట్టాడు.

"ర్యాంకా? నేను బడికి వెళ్తేగా! లెక్కల మాస్టారు కొట్టారని ఆయన సైకిలు రెండు చక్రాల్లోనూ గాలి తీసేశాను. పంటు దగ్గర దొరికిపోయాను. మర్నాటి నుంచి మానేశాను."

ఈ సంగతి మా ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.